వద్దన్న బస్సు

"మీ అపార్ట్‌మెంట్ల ముందుకి బస్సు తెప్పించింది నువ్వేనటగా సుగుణా, శభాష్!" అని పొద్దుట చర్చిలో ఒకటే పొగడ్తలు. మీరంతా అలా పొగుడుతుంటే నేను నా బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాను, గమనించారా? వినయం అనుకున్నారేమో. వినయమా నా మొహమా! సిగ్గు వదినా, సిగ్గు. ఆ బస్సుని తెప్పించింది తర్వాత సంగతి, ముందు చేజేతులా పోగొట్టింది నేనే. ఈ టీ తాగుతూ ఏం జరిగిందో చెప్తాను, వినండి. నవ్వితే మాత్రం మధ్యలోనే లేచిపోతాను.

మా సంగతి మీకు తెలుసుగా. ఫార్మింగ్టన్ హిల్స్ దాటాక చిన్న ఊరు. మా అపార్ట్‌మెంట్లలో ఉన్న మనవాళ్ళవన్నీ ఒక్క కారు కొంపలే. తెల్లారకుండానే మొగుళ్ళు ఆ కారేసుకుని ప్లాంటుకి పోతారు. ఇక ఆడవాళ్ళం కిటికీ దగ్గర కూర్చుని మంచు లెక్కపెట్టుకోవడమే. పాలు అయిపోయాయంటే సాయంత్రం దాకా నల్ల టీనే. నాకు డ్రైవింగ్ లైసెన్స్ లేదా అని అడక్కండి. పోయినసారి రోడ్ టెస్ట్‌లో నేను రివర్స్ చేస్తుంటే ఆ ఎగ్జామినర్ గారు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. ప్రార్థనే అయ్యుంటుంది.

అలాంటి టైములో సిటీ వాళ్ళు ఊళ్ళో తిరగడానికి చిన్న బస్సొకటి వేస్తామన్నారు. అది ఎక్కడెక్కడ ఆగాలో సలహా చెప్పడానికి ఊరి జనంలోంచే ఒక కమిటీ వేస్తామన్నారు. సిటిజన్స్ అడ్వైజరీ కమిటీ! అందరం బట్టలుతుక్కునే మా లాండ్రీ రూమ్‌లో నోటీసు అంటించారు, ఇక్కణ్ణించీ ఒకరు రావాలని. మా ఆయన అది చూసొచ్చి, "నువ్వు తెనాలిలో కాలేజీ పిల్లలకి పాలిటిక్స్ చెప్పావుగా. స్థానిక పరిపాలన, పౌరుల భాగస్వామ్యం అంటూ వాళ్ళ బుర్రలు తిన్నావుగా. వెళ్ళు, వెళ్ళి భాగస్వామ్యం చెయ్యి!" అన్నారు. వెటకారంగానే అన్నారు. నేనే సీరియస్‌గా తీసుకున్నాను.

కానీ బస్సు అసలు కావాల్సింది నాక్కాదు, మా ఎదురింటి రత్నం అక్కకి. గుంటూరు మిషన్ హాస్పిటల్లో నర్సుగా చేసిన మనిషి. ఇక్కడికొచ్చి, వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ చదివి, ఇక్కడి నర్సింగ్ పరీక్ష పాసయింది. హాస్పిటల్లో పగటి డ్యూటీ ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. వాళ్ళాయన్ని పాత ప్లాంటులో లేఆఫ్ చేశారు, కొత్త పని ఊరికి ఆ కొసన దొరికింది. హాస్పిటలేమో ఈ కొసన. ఉన్నది ఒక్క కారు. "ఎలా వస్తావో నెలాఖరుకల్లా చెప్పు, లేకపోతే ఇంకొకళ్ళని తీసుకుంటాం" అన్నారట హాస్పిటల్ వాళ్ళు. ఆ బస్సు మా గేటు ముందు ఆగితే తిన్నగా హాస్పిటల్ దగ్గర దిగొచ్చు. ఆగకపోతే ఉద్యోగం లేదు. అంతే.

"నువ్వున్నావుగా సుగుణా, నాకింక దిగుల్లేదు" అంది రత్నం అక్క. అని వెళ్ళి డ్యూటీకి తెల్ల షూస్ కొనుక్కొచ్చుకుంది.

సరే. మీటింగ్ రోజు కంచిపట్టు చీర కట్టి, దాని మీద ఓవర్‌కోటు, కింద స్నో బూట్లు. మా ఆయన సిటీ హాల్ దగ్గర దింపారు. లోపల పెద్ద బల్ల, గోడ మీద ఊరి మ్యాపు, మ్యాపు మీద స్టాపులున్న చోటల్లా ఎర్ర గుండుసూదులు. కమిటీకి పెద్ద డోరతీ గారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. తెల్ల జుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఎంత మంచావిడో! రాగానే డోనట్ల డబ్బా, అవే, గారెల్లా ఉండే తీపివి, నా ముందుకి తోసి "తీసుకో సుగుణా" అంది. పొద్దుణ్ణించీ స్పీచ్ బట్టీ పట్టే గొడవలో నేను సరిగ్గా తినలేదు. కడుపు నకనకలాడుతోంది. అయినా ఏమంటాం మనం? "నో నో, థాంక్యూ" అన్నాను. డబ్బా అటు వెళ్ళింది. అటే వెళ్ళింది వదినా. మళ్ళీ తిరిగి రాలేదు. బుద్ధున్నదాన్నయితే ఆ డోనట్ దగ్గరే నాకు తెలిసిరావాలి.

ఒక్కో స్టాపూ తేల్చుకుంటూ చివరి దానికొచ్చారు. మిగిలింది ఒకటే గుండుసూది. దానికి రెండు చోట్లు పోటీ. ఒకటి మా అపార్ట్‌మెంట్లు, రెండోది బాబ్ గారి బౌలింగ్ హాలు. అదే, చెక్క నేల మీద బరువైన బంతి దొర్లించి అవతల సీసాల్లాంటివి పడగొడతారే, అది. బాబ్ కూడా కమిటీలో మెంబరే, నా ఎదురుగుండానే కూర్చున్నాడు.

నా స్పీచ్ రెడీ. సమానత్వం, ప్రజా సౌకర్యం, ఒంటరి గృహిణులు, అన్నీ ఉన్నాయందులో. అద్దం ముందు చెప్పుకుంటే నాకే కళ్ళనీళ్ళు తిరిగాయి. అయితే అదంతా నేను ఎవరో "ఇవ్వం, పో" అంటారనుకుని రాసుకున్న స్పీచ్. పోట్లాటకి తయారై వెళ్ళాను. డోరతీ గారేం చేసింది? నా వైపు తిరిగి, తల్లిలాగా నవ్వి, "సుగుణా, ఈ స్టాపు మీకు కావాలా?" అంది.

అంతే! అలా ప్రేమగా అడిగేసరికి నా నోరు నా మాట వినలేదు. మనిళ్ళల్లో ఏం చేస్తాం? ఎవరైనా "ఇంకాస్త కూర వేసుకోండి" అంటే "అబ్బే, చాలు చాలు" అని కంచం మీద చెయ్యి అడ్డం పెడతాం. పెట్టేవాళ్ళు ఆ వేళ్ళ సందుల్లోంచే వేస్తారు. ఒక్కమాటు అడగ్గానే "ఆఁ, వెయ్యండి" అన్నామంటే మొహం వాచిపోయి ఉన్నారనుకోరూ? ఆ అలవాటే నా పీక మీదికొచ్చింది.

"ఓ నో నో, పర్వాలేదండీ, ముందు మిగతావాళ్ళకివ్వండి, ప్లీజ్" అన్నాను. తెనాలిలో ఎంత మర్యాదగా అంటారో అంత మర్యాదగా అన్నాను. అనేసి, తల కాస్త వంచుకుని, ఆవిడ రెండోసారి అడుగుతుంది కదా అని చిన్నగా నవ్వుతూ కూర్చున్నాను.

"అయితే నాకు కావాలి!" అన్నాడు బాబ్. నా నవ్వు పూర్తి కానిస్తేనా! మొహమాటం లేదు, పాడూ లేదు.

డోరతీ గారు లేచి ఆ గుండుసూది తీసుకెళ్ళి బౌలింగ్ హాలు మీద గుచ్చేసింది. గుచ్చి, "చూశారా, ఎంత పెద్ద మనసో! కమిటీ అంటే ఇలా ఉండాలి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడైనా నోరు విప్పలేకపోయావా అంటారు. చప్పట్లు కొడుతుంటే ఎలా విప్పను? సిగ్గు లేకపోతే సరి, లేచి నిలబడి థాంక్యూ కూడా చెప్పాను!

ఇంటికొచ్చేసరికి రత్నం అక్క వాళ్ళింట్లో అందరూ నా కోసమే ఎదురుచూస్తున్నారు. రత్నం అక్క అత్తగారు ఎస్తేరమ్మ పిన్నిగారు వేడివేడిగా గారెలు వండిపెట్టారు. ఆవిడ గుడివాడ దగ్గర మిషన్ స్కూల్లో టీచరు చేశారు. ఇంగ్లీషూ వచ్చు, సామెతలూ వచ్చు, భయం మాత్రం రాదు. "ఏమైందమ్మా?" అని ఆవిడడిగితే, గారెల వంక చూస్తూ, "ఇంకా... డిసైడ్ చెయ్యలేదు పిన్నిగారూ. చూస్తామన్నారు" అన్నాను. పైగా గారెలు తిన్నాను. ఇంకోటి వెయ్యబోతే "వద్దు పిన్నిగారూ" అన్నాను. "నీ మొహం, తిను" అని రెండు వేశారు. నాకు ఏడుపొచ్చింది. ఘాటుగా ఉన్నాయా అని మంచినీళ్ళిచ్చింది రత్నం అక్క.

ఇంక ఆ వారమంతా నా బతుకు చెప్పకూడదు. లాండ్రీ రూమ్‌కి వెళ్ళాలంటే ముందు తలుపు సందులోంచి రత్నం అక్క బుట్ట ఉందేమో చూడ్డం, ఉంటే మాసిన బట్టలు మళ్ళీ పైకి మోసుకొచ్చేయడం. మా ఆయనకీ చెప్పలేదు. "ఏంటి, రెండ్రోజులుగా ఒకే చొక్కా ఇస్తున్నావ్?" అంటారాయన.

శనివారం ఆడవాళ్ళ ప్రార్థన రత్నం అక్క ఇంట్లోనే పెట్టుకున్నాం. తప్పించుకోవడానికి లేదు, పాట నేనే ఎత్తుకోవాలి. చివర్లో ఎస్తేరమ్మ పిన్నిగారు ప్రార్థన చేస్తూ, "ప్రభువా, మా సుగుణ నోటి ద్వారా మాకు బస్సు దయచేస్తున్నందుకు నీకు స్తోత్రం" అన్నారు. నా నోటి ద్వారా! అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. చూడండి నా తెగింపు, కళ్ళు మూసుకుని మరీ ఆమెన్ అన్నాను.

ఆ ఆమెన్ గాల్లో ఉండగానే తలుపు చప్పుడు. తీస్తే ఎవరనుకున్నారు? డోరతీ గారు! చేతిలో వేడిగా ఆపిల్ పై, అదే, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె. మా ఇంటికెళ్తే మా ఆయన "ఎదురింట్లో ఉంది" అని దారి చూపించారట. మహానుభావుడు!

ఆవిడ లోపలికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, చక్కగా, ఒక్కో మాటా విడమర్చి చెప్పింది. "మీ అందరికీ థాంక్స్ చెప్పడానికొచ్చాను. చివరి స్టాపు మీకు ఇస్తామంటే, మాకొద్దు వేరేవాళ్ళకివ్వండి అని సుగుణ వదులుకుంది. మీ అందరి తరఫునా! ఇంత మంచి ఇరుగుపొరుగుని నేను చూడలేదు."

తల కొట్టేసినట్టయింది వదినా. అందరూ నా వైపే చూస్తున్నారు. రత్నం అక్క తిట్టలేదు. తిట్టినా బావుండేది. మెల్లిగా, "సుగుణా, నేను షూస్ కూడా కొనుక్కున్నానే" అంది. అంతే అంది. నాకు అక్కడికక్కడే భూమి చీలి లోపలికి పోతే బావుండుననిపించింది. కార్పెట్టు కింద కూడా చోటు లేదు.

తిట్టడానికి ఎస్తేరమ్మ పిన్నిగారున్నారుగా! "అత్త సొమ్ము అల్లుడు దానం అని, నువ్వెవరమ్మా మా బస్సు దానం చెయ్యడానికి? మా రత్నం ఉద్యోగం కదమ్మా అది!"

"దానం కాదు పిన్నిగారూ, మొహమాటానికి వద్దన్నాను. మళ్ళీ అడుగుతుందనుకున్నాను" అన్నాను, ఏడుపు గొంతుతో.

"మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉంది. ప్రార్థన చేసిన నోటితో మిగతాది చెప్పలేను" అన్నారు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిన్ను అడిగి మరీ పెడుతుంటే వద్దంటావా? అంత చదువు చదివి, ఆ దొరసాని 'కావాలా' అంటే 'కావాలి' అనడం రాలేదూ నీకు?"

ఈ తెలుగంతా డోరతీ గారికేం అర్థమవుతుంది! మమ్మల్ని చూసి నవ్వుతూ, "మీకోసం ఈ పై చేశాను, తీసుకోండి" అని పళ్ళెం పిన్నిగారి ముందుకి చాపింది. ఇల్లంతా దాల్చిన చెక్క వాసన.

నన్ను తిడుతున్న పిన్నిగారు టక్కున అటు తిరిగారు. మొహం నిండా చిరునవ్వు. "ఓ నో, నో! మీకెందుకండీ ఇంత శ్రమ! వద్దు, వద్దు, ప్లీజ్" అన్నారు ఇంగ్లీషులో. చేతులు కూడా అడ్డం పెట్టారు.

"నిజంగానే వద్దా?" అంది డోరతీ గారు.

"అయ్యో, నిజంగానే!" అన్నారు పిన్నిగారు, ఇంకా నవ్వుతూ.

డోరతీ గారి మొహం కొంచెం చిన్నబోయింది. మా తిండి నియమాలేవో ఉన్నాయనుకుందో ఏమో, "క్షమించండి, ముందే కనుక్కోవాల్సింది" అని, పళ్ళెం అలాగే పట్టుకుని, వెనక్కి తిరిగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ ఆపిల్ పై కూడా ఆవిడతోనే వెళ్ళిపోయింది!

పిన్నిగారు తెరిచిన తలుపు వంక చూస్తూ ఉండిపోయారు. చేతులింకా అడ్డంగానే ఉన్నాయి. "అదేంటే, నిజంగానే పట్టుకుపోయింది?" అన్నారు.

పిన్నిగారు నా వైపు తిరిగారు. మళ్ళీ తలుపు వైపు చూశారు. ఆవిడ మొహంలో కోపం దిగిపోయి నా మొహంలో ఉన్నదే వచ్చి కూర్చుంది. "నిలబడి చూస్తావేంటే మొద్దూ, పరుగెత్తు!" అని అరిచారు.

"దేనికి పిన్నిగారూ, పై కోసమా, బస్సు కోసమా?"

"రెంటికీ!"

పరుగెత్తాను. బూట్లు లేవు, కోటు లేదు, సాక్సులతోనే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగాను. డోరతీ గారు కారు స్టార్ట్ చేసేసింది. "ఆగండి! ఆగండి!" అని తెలుగులోనే అరుస్తూ ఐసు మీద కాలేశాను. ఇంక నేను పరుగెత్తలేదు, ఐసే తీసుకెళ్ళింది. తిన్నగా వెళ్ళి ఆవిడ కారు బానెట్ మీద బోర్లా పడ్డాను. అద్దంలోంచి ఆవిడ నన్ను చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోను.

కంగారుగా దిగింది పాపం. "దెబ్బ తగిలిందా? ఏం కావాలి సుగుణా?"

బానెట్ మీద పడుకునే చెప్పాను. "కావాలి! మాకు కావాలి! పై కావాలి! బస్సు కూడా కావాలి!"

తర్వాత వణుక్కుంటూ అంతా చెప్పాను. మా వైపు మొదటిసారి వద్దంటే అది వద్దని కాదని, మళ్ళీ అడగమని అర్థమని. ఒక్కమాటుకే ఒప్పుకుంటే తిండికి లేనివాళ్ళనుకుంటారని. రత్నం అక్క ఉద్యోగం సంగతి కూడా చెప్పాను. అది చెబుతుంటే మాత్రం నాకు ఏడుపాగలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నన్ను అలాగే చూసింది. అంతా విని ఆవిడడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా?

"అయితే... ఆ రోజు డోనట్?"

"అదీ కావాలి" అన్నాను.

"అయ్యో తల్లీ!" అన్నట్టు గుండె మీద చెయ్యేసుకుంది. ఆ ఆపిల్ పై నా చేతిలో పెట్టి, "బస్సు సంగతి నా ఒక్కదాని చేతిలో లేదు. వచ్చే మీటింగ్‌లో అందరి ముందూ ఇదంతా నువ్వే చెప్పాలి" అంది.

చెప్పాను. అంతకంటే సిగ్గు ఇంకేముంటుంది! సిటీ హాల్లో, అంతమంది ముందు నిలబడి, "నేను వద్దన్నానంటే కావాలని అర్థం" అని చెప్పాలి. సెక్రటరీ పిల్ల పెన్ను ఆపి, "ఇది రికార్డులో ఇలాగే రాయమంటారా?" అనడిగింది. రాయమన్నాను. బల్ల చుట్టూ దగ్గులు, నవ్వు ఆపుకునే దగ్గులు. చెవులు కాలిపోతున్నాయి నాకు.

అయితే రత్నం అక్క వెనక వరసలో కూర్చునుంది, ఆ తెల్ల షూసే వేసుకుని. ఆవిణ్ణి చూసి, బట్టీ పట్టిన ఆ పాత స్పీచ్ మానేసి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఈవిడ నర్సు, ఉద్యోగం ఉంది, వెళ్ళడానికి దారి లేదు, అది నా మూలంగా పోతోంది అని. అప్పుడు దగ్గులు ఆగాయి.

బాబ్ గడ్డం గోక్కున్నాడు. "పొద్దున్నే బౌలింగ్‌కి ఎవడొస్తాడు? నాకు సాయంత్రాలు ఆగితే చాలు. పొద్దుట బస్సు వాళ్ళ గేటు దగ్గరే ఆగనివ్వండి" అన్నాడు. ఇంత తేలిక! నేను మొదటిరోజే నోరు తెరిచి అడిగుంటే ఆ రోజే అయిపోయేది. గుండుసూది ఇంకోటి తెప్పించి మా దగ్గర గుచ్చారు. ఇప్పుడు రత్నం అక్క రోజూ డ్యూటీకి అందులోనే వెళ్తోంది, సాయంత్రం వాళ్ళాయన కార్లో తీసుకొస్తారు. పొద్దుట బస్సెక్కుతూ నాకు చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను. ఊపినప్పుడల్లా నాకు "షూస్ కూడా కొనుక్కున్నానే" అన్న మాటే వినిపిస్తుంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? మొన్న మీటింగ్‌లో డోరతీ గారు, తను ఫ్లోరిడా వెళ్ళిపోతున్నానని చెప్పి, "ఇకమీదట కమిటీకి పెద్దగా సుగుణ ఉంటే బావుంటుంది. ఉంటావా?" అంది. ఊళ్ళో ఉన్న గుంతలూ, ట్రాఫిక్ లైట్లూ, మంచెత్తలేదన్న తగాదాలూ అన్నీ నా నెత్తిన! "నో" అన్నాను. ఆవిడ నవ్వి మళ్ళీ అడిగింది. "నో డోరతీ గారూ, ఈసారి నిజంగా నో" అన్నాను. మూడోసారీ అడిగింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

ఆవిడ బాబ్ వైపు చూసి కన్ను గీటింది. "వాళ్ళ పద్ధతి నాకిప్పుడు తెలుసు. రాసుకోండి, ఒప్పుకుంది" అంది. అందరూ చప్పట్లు!

ఆ పద్ధతి నేర్పింది నేనే, ఎవర్ననాలి? అదండీ కథ. ఇకనుంచీ కావాలంటే కావాలి, వద్దంటే వద్దు. మొహమాటం అనే మాట నా డిక్షనరీలోంచి తీసేశాను, ఒట్టు.

ఆఁ? ఇంకో కప్పు టీనా? అబ్బే, వద్దు వదినా, ఇప్పుడేగా తాగాను...

అయ్యో, అయ్యో, ఆ టీ గిన్నె లోపలికెక్కడికి పట్టుకెళ్తున్నారు!